254, 7, 83: ఈమ్ ఊరి చర్చి కథ

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌లో మా టీమ్‌కి వచ్చిన టాపిక్ అంటువ్యాధి సిమ్యులేషన్. ఊరి జనాన్ని మూడు డబ్బాల్లో వేస్తాం. ఇంకా రోగం రానివాళ్లు ఒకటి, రోగం ఉన్నవాళ్లు రెండోది, కోలుకునో చనిపోయో లెక్కలోంచి బయటికి వెళ్లిపోయినవాళ్లు మూడోది. రోజు రోజుకీ ఏ డబ్బాలోంచి ఏ డబ్బాలోకి ఎంతమంది వెళ్తారో కోడ్ లెక్కేస్తుంది. పైథాన్‌లో నలభై లైన్లు కూడా ఉండదు.

కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే ఎక్కడిదైనా నిజమైన డేటా కావాలి కదా. ఈ మోడల్ నేర్పే పుస్తకాల్లో దాదాపు ప్రతిసారీ ఒక ఊరు కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఈమ్ అనే పల్లెటూరు, 1666, ప్లేగు. మొదట రోగం రానివాళ్లు 254, ఉన్నవాళ్లు 7. జూన్ మధ్యలో మొదలై అక్టోబర్‌కి అంతా అయిపోయేసరికి రోగం తగలకుండా మిగిలినవాళ్లు 83. మేం ఆ మూడు నంబర్లూ పెట్టి రన్ చేశాం. గ్రాఫ్ చక్కగా వచ్చింది. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

రెండు రోజుల తర్వాత హాస్టల్‌లో పడుకుంటే ఒక డౌట్ వచ్చింది. 360 ఏళ్ల కిందట ఒక కొండ మీది పల్లెటూళ్లో ఎవరు ఎప్పుడు పోయారో మనకెలా తెలుసు? అప్పుడు హెల్త్ బులెటిన్ లేదు, జనాభా లెక్కలు లేవు. ఎవరు రాశారు?

సమాధానం: ఆ ఊరి చర్చి. ఆ చర్చి గురించే ఈ ఆర్టికల్. నేను ఇంగ్లీష్ మీడియం సరుకుని, తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి.

ముందు, పారిష్ అంటే ఏంటి?

ఈమ్ ఇంగ్లండ్ మధ్యలో డెర్బీషైర్ కౌంటీలో ఉంది, పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లో. స్పెల్లింగ్ చూస్తే ఏదేదో పలకాలనిపిస్తుంది గానీ 'టీమ్'కి ప్రాస కుదిరేలా 'ఈమ్' అనాలి. అక్కడి జనానికి వ్యవసాయం, గొర్రెలు, సీసం గనులు బతుకుతెరువు. ఊరి మధ్యలో సెయింట్ లారెన్స్ పేరు మీద ఒక రాతి చర్చి.

అది ఆంగ్లికన్ చర్చి, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌ది. 1534లో ఎనిమిదో హెన్రీ రాజు పోప్‌తో తెగతెంపులు చేసుకుని ఇంగ్లండ్ చర్చికి తనే అధిపతినన్నాడు కదా, అదే. మనకి అంత దూరపు సంగతేం కాదు. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1947లో దక్షిణాది ఆంగ్లికన్లూ ఇంకొన్ని సంఘాలూ కలిస్తే సీఎస్‌ఐ వచ్చింది. మీ ఊళ్లో సీఎస్‌ఐ చర్చి ఉంటే దాని చుట్టరికంలో ఈ ఈమ్ చర్చి కూడా ఎక్కడో ఉన్నట్టే.

పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరూ, దాని చుట్టూ ఉన్న భూమీ. మన రెవెన్యూ గ్రామంలాగే దానికీ కచ్చితమైన హద్దులుంటాయి. చర్చి పెద్దని రెక్టర్ అంటారు. అప్పట్లో ఆయన ఖర్చులకి ఊరి పంటలో వాటా వచ్చేది. ఈమ్‌లో అయితే గనుల్లో తీసిన సీసం ముడిఖనిజం మీద కూడా రెక్టర్‌కి వాటా ఉండేది. 1601 చట్టం తర్వాత ఊళ్లో దిక్కులేనివాళ్లని చూసుకునే బాధ్యత కూడా పారిష్‌దే అయింది. అంటే పారిష్ చర్చి గుడి ఒక్కటే కాదు, సగం పంచాయతీ ఆఫీసు కూడా.

మన కథకి కావాల్సిన రూలు 1538లో వచ్చింది. హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌కీ ఒక ఆర్డర్ వేశాడు. ఒక పుస్తకం పెట్టండి, మీ చర్చిలో జరిగిన ప్రతి బాప్తిస్మం, ప్రతి పెళ్లి, ప్రతి ఖననం తేదీ వేసి అందులో రాయండి, అని. జమీందారు పోయినా ఒక లైనే, కూలివాడి పసిబిడ్డ పోయినా ఒక లైనే. డీబీఎంఎస్ క్లాసులో టేబుల్, రో అని నేర్చుకుంటామే, అదే. ఇంగ్లండ్‌లో మామూలు మనుషులందరి పేర్లూ ఒక పద్ధతిగా రాయడం ఈ పుస్తకాలతోనే మొదలైంది.

ఈమ్ చర్చిలో ఏమున్నాయి?

చర్చి ఆవరణలో ఒక రాతి శిలువ ఉంది. దాని మీద చెక్కడాల్ని బట్టి అది సుమారు 1200 ఏళ్ల నాటిదని అంటారు. అంటే ఇప్పుడున్న చర్చి గోడల కంటే పాతది. మధ్యలో స్తంభం కొంత ముక్క పోయింది కాబట్టి ఉండాల్సినదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. చర్చి లోపల స్తంభాలు మధ్యయుగం నాటివి, చాలా భాగాలు 19వ శతాబ్దంలో మళ్లీ కట్టారు. బయట గోడ మీద 1775 నాటి నీడ గడియారం ఒకటుంది. అది ఈమ్ టైమ్‌తో పాటు ఎక్కడో దూరదేశాల ఊళ్లలో టైమ్ కూడా చూపిస్తుంది. అప్పటి వరల్డ్ క్లాక్ విడ్జెట్ అన్నమాట.

ఇలాంటి చర్చిలు ఇంగ్లండ్‌లో వేలల్లో ఉన్నాయి. ఈమ్ పేరు ప్రపంచానికి తెలిసింది పద్నాలుగు నెలల వల్ల.

1665 సెప్టెంబర్

ఆ ఏడాది లండన్‌లో ప్లేగు విజృంభించింది. ఈమ్‌లో అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీ ఇంటికి లండన్ నుంచి బట్టల మూట వచ్చింది. తడిగా ఉందని అతని దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ దాన్ని విప్పి మంట దగ్గర ఆరేశాడు. బట్టల్లో ఈగల్లాంటివి కాదు, మన కుక్కలకి పట్టే గోమార్ల లాంటి చిన్న పురుగులు ఉన్నాయని, అవే ప్లేగు తెచ్చాయని ఊరి కథ. సెప్టెంబర్ 7న వికర్స్‌ని పాతిపెట్టినట్టు చర్చి రిజిస్టర్‌లో ఉంది. పదిహేను రోజులకి అదే ఇంటి పిల్లాడు ఎడ్వర్డ్ కూపర్. ఇంకో పది రోజులకి వాడి అన్న జొనాథన్.

అసలు కారణం ఒక బ్యాక్టీరియా అని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ కనిపెట్టేదాకా ఎవరికీ తెలీదు. ఈమ్ వాళ్లకి తెలిసిందల్లా ఒకటే. ఒక ఇంట్లో మొదలైతే ఆ ఇల్లు ఖాళీ అయిపోతోంది.

చలికాలంలో చావులు తగ్గాయి. మే నెలకి దాదాపు ఆగిపోయినట్టే అనిపించింది. జూన్‌లో మళ్లీ లేచింది.

అప్పటి రెక్టర్ విలియం మాంపెసన్. కుర్రవాడే, ఊరికి వచ్చి రెండేళ్లు. జనానికి ఆయనంటే ఇంకా గురి కుదర్లేదు. ఎందుకంటే వాళ్ల మనిషి వేరే ఉన్నాడు. అంతకుముందు చాలా ఏళ్లు అక్కడ పాస్టర్‌గా చేసిన థామస్ స్టాన్లీ. రాజరికం తిరిగొచ్చాక 1662లో ఒక చట్టం వచ్చింది, ప్రభుత్వం ఇచ్చిన ప్రార్థన పుస్తకానికి ఒప్పుకోని పాస్టర్లు పదవి వదులుకోవాలని. ఆ రోజుల్లో పదవులు పోయిన దాదాపు 2000 మందిలో స్టాన్లీ ఒకడు. పదవి పోయినా ఆయన ఈమ్‌లోనే ఉండిపోయాడు. అంటే ఊళ్లో పాత అయ్యగారు, కొత్త అయ్యగారు, ఇద్దరికీ పడదు.

1666 జూన్‌లో ఆ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. నాకైతే ఈ కథలో ప్లేగు కంటే ఇదే ఆశ్చర్యం.

మూడు నిర్ణయాలు

ఒకటి: ఇక చర్చి దగ్గర సమాధులు ఉండవు. ఎవరి ఇంట్లో మనిషి పోతే వాళ్లే తమ తోటలోనో పొలంలోనో పాతిపెట్టుకోవాలి. వెంటనే. చర్చి ఆవరణలో సమాధి అంటే వాళ్లకి ఎంత ముఖ్యమో తెలిస్తే గానీ ఇది ఎంత పెద్ద మాటో అర్థం కాదు. మన దగ్గర కర్మకాండ చెయ్యొద్దు అన్నట్టు.

రెండు: చర్చికి తాళం. ప్రార్థన ఊరి పక్కనున్న కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో, ఆరుబయట. కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఎడం ఉంచి నిలబడాలి. సోషల్ డిస్టెన్సింగే, పేరు లేదంతే.

మూడు: ఊరి హద్దు దాటి ఎవరూ బయటికి వెళ్లకూడదు, లోపలికి రాకూడదు. తిండి, సరుకులు హద్దు దగ్గర బయటివాళ్లు పెట్టి వెళ్తారు. దగ్గర్లో ఛాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్ కూడా సాయం పంపాడు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ దారిలో గుంటలున్న ఒక రాయి ఇప్పటికీ ఉంది. ఆ గుంటల్లో వెనిగర్ పోసి డబ్బులు అందులో వేసేవాళ్లని చెప్తారు. ఊరికి ఇంకోవైపు ఒక నీటి ఊట దగ్గర పారే నీళ్లలో నాణేలు పెట్టేవాళ్లు. దాన్ని ఇప్పటికీ మాంపెసన్ బావి అనే అంటారు.

ఆ తర్వాత జరిగింది మా గ్రాఫ్‌లో నిట్టనిలువుగా లేచిన గీత. జులైలో చావులు యాభై దాటాయి, ఆగస్టులో డెబ్భై దాటాయి. ఊరి చివర రైలీ అనే చోట ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకుంది. తనే గోతులు తవ్వి తనే పాతిపెట్టింది. ఆ ఏడు సమాధులూ పొలం మధ్యలో ఇప్పటికీ ఉన్నాయి. ఆగస్టు నెలాఖర్లో మాంపెసన్ భార్య కేథరిన్ పోయింది. నవంబర్ 1న చివరి చావు, ఏబ్రహాం మార్టెన్. రిజిస్టర్ ప్రకారం మొత్తం సుమారు 260.

పుస్తకం ఏం చెప్తోంది, కథ ఏం చెప్తోంది

ఈమ్‌కి వెళ్లినవాళ్లకి తప్పకుండా చెప్పే ప్రేమకథ ఒకటుంది. ఈమ్ అమ్మాయి ఎమట్ సిడాల్, స్టోనీ మిడిల్టన్ అబ్బాయి రోలండ్. లోయకి అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసుకునేవాళ్లట. ఒకరోజు ఆమె రాలేదు. చర్చిలో 1985లో పెట్టిన రంగు అద్దాల కిటికీలో కూడా ఈ ఇద్దరూ ఉన్నారు. చాలామంది ఈ కథని ఊరి హద్దు మూసేయడం వల్ల విడిపోయిన జంటలాగా చెప్తారు. కానీ రిజిస్టర్‌లో ఎమట్ పేరు 1666 ఏప్రిల్ చివర్లో ఉంది. హద్దు మూసింది జూన్‌లో. అంటే వాళ్లని ఆపింది ఏ రెక్టరూ కాదు. కలుసుకుని ఉండకపోతే అది వాళ్ల సొంత జాగ్రత్తే. నాకు కథ ఇలాగే ఇంకా బాగుంది.

ఇంకోటి మా ప్రాజెక్ట్‌కే తగిలింది. 83 అనే నంబర్ ఎక్కడిదంటే, ఊరి జనాభా 350 అనీ, అందులో 83 మందే మిగిలారనీ పాత పుస్తకాలు చెప్పే లెక్క నుంచి. తర్వాతి వాళ్లు చర్చి రిజిస్టర్‌నే ముందూ వెనకా చదివారు. ప్లేగుకి ముందు పుట్టినవాళ్లు, ప్లేగు తర్వాత కూడా పెళ్లి చేసుకున్నవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు, ఇలా పేరు పేరు కలిపి కుటుంబాల్ని మళ్లీ కట్టుకుంటూ వస్తే ఊరి జనాభా సుమారు 700 అని తేలింది. అంటే నాలుగింట మూడొంతుల మంది పోలేదు, మూడోవంతుకి పైగా పోయారు. అదీ తక్కువేం కాదు, కానీ ఊరు తుడిచిపెట్టుకుపోలేదు.

నేను మా కోడ్‌లో జనాభా మార్చి మళ్లీ రన్ చేశా. పాత నంబర్లతో ఒక రోగి సగటున 1.6 మందికి అంటించాడని వచ్చింది. కొత్త జనాభాతో 1.1 దగ్గరికి పడిపోయింది. చావులన్నీ అవే. మారింది, బతికినవాళ్లని లెక్కపెట్టామా లేదా అన్నదే. 2016లో లిలిత్ విటిల్స్, జేవియర్ డిడెలో అనే ఇద్దరు పరిశోధకులు ఈ రిజిస్టర్ వివరాలతోనే ఇంకా లోతుగా లెక్కవేసి, సుమారు నాలుగింట మూడొంతుల మందికి రోగం ఎలుకల వైపు నుంచి కాకుండా మనిషి నుంచి మనిషికే వచ్చిందని తేల్చారు. 1538లో వేసిన ఒక ఆర్డర్‌కి 2016లో వచ్చిన అవుట్‌పుట్ అది.

ఇక మా ఊరి సంగతి

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. నాన్న ఎలాగో పర్మిషన్ సంపాదించి హైదరాబాద్ నుంచి మమ్మల్ని నానమ్మ వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. పొలిమేర దగ్గర రోడ్డుకి అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. ఆ ఏడాది చాలా ఊళ్లలో వేశారు, మీలో కొంతమంది చూసే ఉంటారు. కంపకి అవతల కాపలా ఉన్నది ఎవరో కాదు, మా సొంత బాబాయ్. "అన్నయ్యా, పద్నాలుగు రోజులు స్కూల్లో ఉండండి, ఊళ్లోకి వద్దు" అన్నాడు. నాన్న అరిచాడు. బాబాయ్ కదల్లేదు. నానమ్మ రోజూ కేరియర్ తెచ్చి కల్వర్టు మీద పెట్టి, వెనక్కి వెళ్లి దూరంగా నిలబడేది. మేం తీసుకున్నాక "కూర ఉప్పు సరిపోయిందా?" అని అక్కడి నుంచే కేకేసి అడిగేది. నాకు అప్పుడు నానమ్మ మీద జాలి కంటే బాబాయ్ మీద కోపమే ఎక్కువ. ఏళ్ల తరబడి ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడు మన రాష్ట్రాల్లో చాలా రూల్స్ ఒక పాత చట్టం కింద వచ్చాయి. 1897 అంటువ్యాధుల చట్టం. అది చేసిందే బొంబాయిలో ప్లేగు వచ్చినందుకు. ఆ విషయం చదివినప్పుడు ఈమ్ రాయీ, మా కల్వర్టూ పక్కపక్కన కనిపించాయి.

అయితే రెండూ ఒకటి కాదు. మా ఊరు తనని కాపాడుకోడానికి బయటివాళ్లని ఆపింది. ఈమ్ బయటివాళ్లని కాపాడటానికి తనని తాను కట్టేసుకుంది. అందుకే వాళ్లని త్యాగమూర్తులంటారు. ఇప్పటికీ ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ లోయలో ప్రార్థన చేస్తారు. కానీ త్యాగం అనే మాటని కూడా కొంచెం విప్పి చూడాలనిపించింది. హద్దు మూసేముందే మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్నీ ఊరు దాటించేశాడు. డబ్బున్న కొందరు అంతకుముందే వెళ్లిపోయారు. వెళ్లడానికి చోటు లేనివాళ్లు ఉండిపోయారు. ఎలిజబెత్ హాంకాక్‌ని ఎవరైనా అడిగారా? రిజిస్టర్‌లో ఆ కాలమ్ లేదు. అలాగని మాంపెసన్ దొంగ అని కూడా అనను. పిల్లల్ని పంపాడు, తను వెళ్లలేదు. భార్య కూడా వెళ్లనంది, చనిపోయింది. భయపడుతూనే నిలబడ్డవాడు అనుకుంటే నాకు ఎక్కువ నమ్మబుద్ధేస్తోంది.

ఆయన కథకి ఒక చివర ఉంది. కొన్నేళ్లకి ఆయన్ని నాటింగమ్‌షైర్‌లో ఈక్రింగ్ అనే ఊరికి రెక్టర్‌గా మార్చారు. ప్లేగు ఊరి నుంచి వచ్చాడని అక్కడి జనం భయపడి ఆయన్ని ఊళ్లోకి రానివ్వలేదట. కొన్నాళ్లు ఊరి బయట గుడిసెలో ఉండి ఒక చెట్టు కింద ప్రసంగాలు చేశాడని అక్కడ చెప్పుకుంటారు. అంటే ఆయన హద్దుకి రెండువైపులా నిలబడ్డాడు. ఒకసారి ఆపినవాడిగా, ఒకసారి ఆగిపోయినవాడిగా.

అది చదివాక బాబాయ్‌కి ఫోన్ చేశా. 2021 మేలో, రెండో వేవ్‌లో నానమ్మ పోయింది. మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. నలుగురే ఉన్నారు, అందులో బాబాయ్ ఒకడు. ఆ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. "బాబాయ్, ఆ నెలలో మన ఊళ్లో ఇంకా ఎవరెవరు పోయారు?" అని అడిగా. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్క పేరూ, ఏ వీధి, ఎవరి తాలూకు, అన్నీ చెప్పాడు. తేదీలు గుర్తులేనివాటికి "మీ నానమ్మకి రెండు రోజుల ముందు", "పెద్దవాన పడ్డ రోజు" అని చెప్పాడు. మొత్తం పదకొండు పేర్లు. సర్టిఫికెట్లు ఎవరింట్లో వాళ్లవి ఉండే ఉంటాయి. కానీ ఆ పదకొండు పేర్లూ ఒకేచోట రాసిన కాగితం మా ఊళ్లో లేదు. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో ఒక ఫైల్ ఉంది. పేరు, ఇంటిపేరు, వీధి, తేదీ, అంతే నాలుగు కాలమ్స్.

ఫోన్ పెట్టేసే ముందు బాబాయ్, "ఆ రోజు కంప దగ్గర మీ నాన్న నన్ను తిట్టిన తిట్లు కూడా రాశావా అమ్మలూ?" అని నవ్వాడు. రాయలేదు అన్నా. ఈ ఆర్టికల్‌లో రాశా.

సంక్రాంతి సెలవులకి మీరు మీ ఊళ్లకి వెళ్తారు కదా. గుడి, చర్చి, మసీదు, పంచాయతీ, ఏదైనా సరే, అక్కడ పాత పుస్తకం ఏదైనా ఉందేమో అడగండి. లేకపోతే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మీరే నాలుగు పేర్లు రాసుకోండి. చనిపోయినవాళ్లవే కాదు, బతికి ఉన్నవాళ్లవి కూడా. ఈమ్ లెక్క తప్పింది వాళ్ల దగ్గరే కదా.